పేర్లు అరువైనా పనిమాటలు మనవే



మన అరుప్పుకోట్టై ప్రాంతపు ఇళ్లలో ఏ బల్ల సొరుగు లాగినా ఏమి కనబడుతుంది? మూగబోయిన చేతి రేడియో, తీగ తెగిన ఇయర్‌ఫోను, వెలగని టార్చి, చక్రం ఊడిన ఆటబొమ్మ కారు. వీటిని పాత సామాన్లవానికి వేసే ముందు ఒక్క మాట ఆలకించండి. మన తెలుగు పాఠానికి ఇంతకాలం కొరవడిన ఉపకరణాలు ఆ సొరుగులోనే ఉన్నాయని నా అభిప్రాయం.

మన పిల్లలకు తెలుగు నానాటికీ వంటింటి భాషగా, వరుసల భాషగా కుదించుకుపోతున్నది. అవ్వతో నాలుగు మాటలు, అమ్మతో పది మాటలు, అంతటితో సరి. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చి, 2006-07లో 1వ తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతి పైకి సాగిన తరువాత, బడిలో తెలుగుకు చోటు మరింత ఇరుకయింది. దక్కిన ఆ కొద్ది సమయంలో మనం పద్యము, ప్రతిపదార్థము చెప్పి ముగిస్తున్నాము. వాటిని నేను కాదనను. కాని పిల్లవాడు తన చేతులతో చేసే పని ఒక్కటైనా తెలుగులో జరగకపోతే, ఆ భాష పెద్దల యెడల చూపే మర్యాదగా మిగులుతుందే గాని, అతని బుద్ధికి పనిముట్టు కాజాలదు.

"ఎలక్ట్రానిక్సులో తెలుగెక్కడిది? రెసిస్టరు, కెపాసిటరు, ట్రాన్సిస్టరు, అన్నీ ఇంగ్లీషు పేర్లే గదా!" అని మీరడగవచ్చు. నిజమే, పేర్లు అరువే. జపానువారు కూడా ట్రాన్సిస్టరును ఆ పేరుతోనే పిలుచుకుంటారు. అందువల్ల వారి భాష చిన్నబోలేదు. మరి పనిని చెప్పే మాటలు చూడండి: విప్పు, బిగించు, ఒలుచు, మెలిపెట్టు, చుట్టు, అతుకు, గీకు, తగిలించు. అతుకు ఊడింది, తీగ సడలింది, చుట్ట మాడింది. ఇవన్నీ మనవే. "ఈ తీగను అక్కడ తగిలిస్తే ఏమవుతుంది?", "దీపం వెలగలేదు కాబట్టి అతుకులో లోపముండాలి" అని పిల్లవాడు తెలుగులో అనగలిగిన నాడు, షరతు, కారణం, ఫలితం అతనికి మన భాషలో పట్టుబడినట్లే. వ్యాకరణ పుస్తకం దీనికంటె ఎక్కువ నేర్పగలదా?

ఒక ఉదాహరణ చెబుతాను. వెలగని టార్చిలో చిన్న తెల్లని ఎల్‌ఈడీ దీపం అమర్చాలనుకుందాము. దానికి సుమారు 3 వోల్టులు చాలు. మన దగ్గర ఉన్నది 9 వోల్టుల బ్యాటరీ. మిగిలిన 6 వోల్టులను అడ్డుకోవడానికి ఒక రెసిస్టరు కావాలి. దీపంలో 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పారాలంటే, 6ను 0.02తో భాగించగా 300 ఓములు వస్తుంది. దుకాణంలో సులువుగా దొరికేది 330 ఓములది, అది చాలు. దానిని గుర్తించడం ఎట్లా? దాని ఒంటిమీది రంగుల పట్టీలను చదవాలి. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. నారింజ, నారింజ, గోధుమ అంటే రెండు మూడులు, ఆపైన ఒక సున్న, 330. రంగుల పేర్లను వల్లె వేయించడానికి మనం పడే అవస్థ తెలిసినదే. ఇక్కడ పిల్లవాడే అడిగి మరీ నేర్చుకుంటాడు, ఎందుకంటే రంగు తప్పితే లెక్క తప్పుతుంది.

ఈ విద్య మనవారికి కొత్త కాదు. కోయంబత్తూరుకు చెందిన జి. డి. నాయుడు (1893-1974) తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారు. బడి చదువు అంతంతమాత్రం. హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక మోటారు సైకిలు కొని, దానిని ఊడదీసి మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించినవారు ఆయనే. మన కాలానికి వస్తే, హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ అనే హామ్ రేడియో ప్రియుడు, మాటలను పంపి అందుకొనే బిట్‌ఎక్స్ అనే యంత్రాన్ని ఎవరైనా ఇంట్లో కట్టుకొనేలా రూపొందించారు. తీగచుట్టకు ఖరీదైన భాగం వెదకక, కొళాయిలో వేసే వాషరు మీదనే తీగ చుట్టారు. ఉన్నదానితో పని గడుపుకోవడమంటే ఇదే గదా! (అటువంటి యంత్రంతో ప్రసారం చేయడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని పిల్లలకు చెప్పండి.)

మాటలను కూడబెట్టడంలోనూ మనకు దగ్గరలోనే మార్గదర్శి ఉండేవారు. కోవిల్‌పట్టి దాపున ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్, ఈ నల్లరేగడి నేలల వాడుక మాటలకు నిఘంటువే కూర్చారు. మన పిల్లలు తమ చేతిపని మాటలకు ఒక చిన్న పుస్తకం పెట్టుకోలేరా? పడుగు, పేక, నాడె వంటి మగ్గం మాటలు ఇంట్లో ఉంటే వాటినీ చేర్చమనండి.

"నాకే ఎలక్ట్రానిక్సు రాదు, పిల్లలకేమి చెప్పను?" అని జంకే తెలుగు పండితులకు ఒక మనవి. మీరు చెప్పనక్కరలేదు, అడగండి. పిల్లవాడు మీకు బోధించాలి, మీరు మాట అందించాలి. దుకాణంలో తమిళంలో అడిగి తెచ్చిన వస్తువును ఇంట్లో తెలుగులో వివరించమనండి. రెండు భాషలూ బలపడతాయి. చివర మూడు వాక్యాలు రాయించండి: ఏమి చెడింది, ఎందుకు చెడింది, నేనేమి చేశాను. ఇదే వ్యాసరచన.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. గోడ ప్లగ్గుకు తగిలించే ఏ వస్తువునూ పిల్లలను విప్పనీయకండి. పాత గాజుతెర టీవీలో, తీగ ఊడబెరికిన తరువాత కూడా ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండగలదు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని గుచ్చినా వంచినా మంట లేస్తుంది. బ్యాటరీ కట్టెలతో నడిచే చిన్న వస్తువులు చాలు. టంకం వేసేటప్పుడు పెద్దలు పక్కన ఉండాలి.

బాగుపడకపోయినా చింత లేదు. ఎందుకు బాగుపడలేదో పిల్లవాడు తెలుగులో చెప్పగలిగితే మన పాఠం నెగ్గినట్లే. వచ్చే ఆదివారం సొరుగు తెరవండి, స్క్రూడ్రైవరు పిల్లల చేతికివ్వండి, మాట మాత్రం మీరు తెలుగులో కలపండి.