మూడు గ్రాముల నూనె

చైనాలో ఇంగ్లీషు నేర్చుకునే కుర్రవాళ్లు తమ మీద తామే వేసుకునే హాస్యం ఒకటి ఉన్నది. పరీక్షల కోసం బజారులో అమ్మే మాటల పుస్తకాలు చాలావాటిలో మొట్టమొదటి మాట "ఎబాండన్". విడిచిపెట్టడమని దాని అర్థం. కుర్రవాడు మంచిరోజు చూసుకుని పుస్తకం తెరుస్తాడు. మొదటి మాట కంఠతా పడతాడు. వెంటనే ఆ మాట చెప్పినట్టే చేస్తాడు! ఆరు నెలలకు బుద్ధి తెచ్చుకుని మళ్లీ తెరిస్తే మళ్లీ అదే మాట స్వాగతం చెబుతుంది. ఇంగ్లీషు ముక్క రానివాడికి కూడా "ఎబాండన్" మాత్రం వచ్చునని అక్కడ చెప్పుకుంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నది గాని, దీని వెనుక ఉన్న కష్టం చిన్నది కాదు. 2001 నుంచి చైనా పిల్లలకు ఇంగ్లీషు మూడో తరగతిలోనే మొదలవుతున్నది. హైస్కూలు ముగిశాక జూన్ నెలలో "గావోకావో" అనే కాలేజీ ప్రవేశపరీక్ష వస్తుంది. చాలా రాష్ట్రాలలో మొత్తం 750 మార్కులుంటే అందులో 150 ఇంగ్లీషువే. కాలేజీలో చేరిన తర్వాతనైనా విముక్తి ఉన్నదా అంటే, 1987లో మొదలైన కాలేజీ ఇంగ్లీషు పరీక్ష కాచుకుని కూర్చుంటుంది. నాలుగో మెట్టు ఒకటి, ఆరో మెట్టు ఒకటి. ఇన్ని గడియలు దాటి, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు విదేశంలో పెద్ద చదువుకు వెళ్తాడనుకోండి. వారంలో వంద పుటలు చదివి రమ్మంటాడు ప్రొఫెసరు. మనవాడికి ఒక్క పుట గడవడానికి అరగంట పడుతుంది. అతడు సోమరి కాదు, మార్కులు దొంగిలించినవీ కావు. మరి ఇన్నేళ్లు చదివిన చదువు ఏమయినట్టు?

ముందు అక్షరాల సంగతి చూద్దాం. చైనా పిల్లవాడు తొమ్మిదో తరగతి ముగిసేసరికి సుమారు 3,500 లిపిచిహ్నాలు గుర్తుపట్టగలగాలి. ఒక్కొక్కటీ ఒక బొమ్మ వంటిది. చూడగానే అర్థం స్ఫురించాలి. ఉచ్చారణ మాత్రం ఆ గీతలు చూసి నమ్మకంగా చెప్పడానికి వీలులేదు. ఇటువంటి చదువుకు అలవాటుపడిన కన్ను ఇంగ్లీషు మాటను కూడా బొమ్మలాగానే చూస్తుంది. ఈ విషయం మీద 2003లో ఒక పరిశోధన ప్రచురితమైంది. కొరియా విద్యార్థులకూ చైనా విద్యార్థులకూ ఇంగ్లీషు మాటలు చూపి, ఇది పువ్వు పేరా కాదా వంటి ప్రశ్నలు అడిగారు. గులాబీకి ఇంగ్లీషులో "రోజ్" అంటాం గదా. "వరుసలు" అనే అర్థం గల ఇంకో మాట కూడా చెవికి "రోజ్" అనే వినబడుతుంది, స్పెల్లింగు వేరు. ఇటువంటివి చూసి కొరియావాళ్లు ఎక్కువగా మోసపోయారు. వారిది ధ్వనిని బట్టి రాసే లిపి గనుక లోపల చెవి పనిచేస్తున్నదన్నమాట. చైనావాళ్లు ధ్వనికి అంతగా లొంగక, స్పెల్లింగు పోలికలను పట్టుకున్నారు. వారిది కంటి చదువు.

కన్ను చురుకుగా ఉండడం మంచిదే. కాని చెవి మూగబోతే పొడుగు మాటలు వచ్చినప్పుడు తంటా వస్తుంది. బొమ్మ మరిచిపోతే ఇక ఆధారం లేదు. అందుకని చిన్నపిల్లలు పక్కన చైనా అక్షరాలతో ఉచ్చారణ రాసుకుంటారు. "థాంక్యూ" అనడానికి "సాన్-కె-యౌ" అని రాస్తారు. ఆ అక్షరాలను విడివిడిగా చదివితే "మూడు గ్రాముల నూనె" అని అర్థం! ఉపకారం చేసినవాడికి మూడు గ్రాముల నూనె ఇచ్చి పంపడం చౌక బేరమే. ఇంకో చిక్కు కూడా ఉన్నది. 1958లో ప్రభుత్వం ఆమోదించిన "పిన్‌యిన్" పద్ధతి వల్ల పిల్లలు ఇంగ్లీషుకంటె ముందే రోమన్ అక్షరాలు నేర్చుకుంటారు. అయితే అందులో "క్యూ" అక్షరాన్ని "చ" వంటి ధ్వనితోనూ, "ఎక్స్" ను "శ" వంటి ధ్వనితోనూ పలుకుతారు. తెలిసిన ముఖాలే, కొత్త పేర్లు. అసలు తెలియనివాడికంటె సగం తెలిసినవాడికే తికమక ఎక్కువ.

అక్షరాలు దాటి వాక్యానికి వస్తే, ఇక్కడ మన తెలుగువాళ్లకు చైనావాళ్ల మీద జాలి పుట్టక తప్పదు. "మా అన్న నిన్న సంతలో కొన్న ఆవు" అంటాం మనం. ఆవును గురించిన చరిత్ర అంతా ముందు చెప్పి, ఆవును చివర నిలబెడతాం. చైనా భాషలోనూ సరిగ్గా ఇంతే. ఇంగ్లీషువాడు ఆవును ముందు తెచ్చి నిలబెట్టి, ఆ తర్వాత అది ఏ ఆవో, ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో వెనుక తోకలాగా తగిలిస్తాడు. ఒక్క తోక అయితే ఫరవాలేదు. తోకకు తోక, దానికి మరో తోక తగిలించి నాలుగు పంక్తుల వాక్యం రాస్తే, చైనా విద్యార్థి కన్ను చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చి, తన భాష వరుసలో పేర్చుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది. చదవడం కాదిది, నేతగాడి నాడె ఆడినట్టు ఇటూ అటూ తిరగడం. అక్కడి ఉపాధ్యాయులు దీనికి ఒక ఉపాయం చెబుతారు. వాక్యంలో కొమ్మలూ రెమ్మలూ పక్కన పెట్టి, కర్తనూ క్రియనూ వెతికి, కాండం పట్టుకోమంటారు. పరీక్షకు ఇది పనికివస్తుంది. కాని రెండువందల పుటల నవలను ప్రతి వాక్యం దగ్గరా కొమ్మలు నరుకుతూ చదివేవాడెవడు?

అసలు జబ్బు, నాకు తోచినంతవరకు, ప్రతిపదార్థంతోనే ఆగిపోవడం. మన పూర్వులు అమరం వల్లె వేశారు, నిజమే. అయితే అమరంతో ఆపలేదు. ఆ తర్వాత కావ్యం పట్టారు, అన్వయం చెప్పుకున్నారు, తాత్పర్యం దగ్గరకు వచ్చారు. గావోకావోకు తయారయ్యే పిల్లవాడికి అంత తీరిక ఎక్కడిది? ముందు ప్రశ్న చూడు, అందులోని ముఖ్యమైన మాట పట్టుకో, ఆ మాట పాఠంలో ఎక్కడున్నదో వెతుకు, పక్కన ఉన్న వాక్యాన్ని బట్టి జవాబు గుర్తుపెట్టు, ఇదీ శిక్షణ. పాఠం చదవకుండానే జవాబు రాయడం! మాటల పుస్తకంలో "అడ్రెస్" అంటే చిరునామా అని నేర్చుకున్నవాడు, ప్రభుత్వం ఒక సమస్యను "అడ్రెస్" చేసిందని పత్రికలో కనబడితే, సమస్యకు చిరునామా ఏమిటా అని దిగులుపడతాడు. మాట తెలుసు, అది తిరిగే ఇళ్లు తెలియవు.

చైనావారికి ఈ అవస్థ కొత్త కాదు. పెకింగులో 1862లోనే ప్రభుత్వం దుబాసీలను తయారుచేయడానికి ఒక పాఠశాల పెట్టింది. తర్వాతి తరంలో లిన్ షూ అనే ఆయన డికెన్స్ "డేవిడ్ కాపర్‌ఫీల్డ్" ను 1908లో చైనా పాఠకులకు అందించాడు. తమాషా ఏమిటంటే ఆయనకు ఇంగ్లీషు రాదు! భాష తెలిసిన స్నేహితుడు పక్కన కూర్చుని కథ చెబుతూంటే ఈయన చక్కని గ్రాంథికంలో రాసుకుపోయేవాడు. ఆ విధంగా నూటయాభైకి పైగా పుస్తకాలు వచ్చాయి. 1950లలో రష్యన్ భాషకు పెద్దపీట వేశారు. సోవియట్లతో చెడిన తర్వాత ఇంగ్లీషు తిరిగి తలెత్తింది, సాంస్కృతిక విప్లవంలో మళ్లీ దెబ్బతిన్నది. 1982లో బి.బి.సి. వారి "ఫాలో మీ" పాఠాలు చైనా టెలివిజన్‌లో వచ్చినప్పుడు జనం విరగబడి చూశారు. ఇన్ని మలుపులలోనూ, పిల్లవాడి చేత సుఖంగా పుస్తకం ఎలా చదివించాలన్న ప్రశ్న వెనుకబడే ఉన్నది.

దానికి జవాబు వెతికినవారు లేకపోలేదు. అందులో ఒకటి మన దేశానికి సంబంధించినది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలకు ముందు చదవడం రావాలి, తక్కినవి తర్వాత అన్నాడు. పాఠ్యపుస్తకాలలో అరుదైన మాటలు గుప్పించడమే పిల్లల ప్రాణం తీస్తున్నదని గ్రహించి, వాడుకలో ఉన్న కొద్ది మాటలతో కథలు తిరగరాయించాడు. 1926లో తన అనుభవాలను పుస్తకంగా వేశాడు. తరవాత, 1953లో, సుమారు రెండువేల మాటల పట్టిక ఒకటి ప్రకటించాడు. దాదాపు అదే కాలంలో ఐ.ఏ. రిచర్డ్స్ పెకింగులోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో 1929 నుంచి పాఠాలు చెప్పి, 850 మాటల "బేసిక్ ఇంగ్లీషు" ను చైనాలో నాటాలని చూశాడు. 1937లో జపాను దండయాత్ర వచ్చి ఆ ప్రయత్నాన్ని చిందరవందర చేసింది.

ఇప్పటి పరిశోధకులు లెక్కలు కూడా కట్టారు. ఇతరుల సాయం లేకుండా పుస్తకం హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని 2000లో ప్రచురించిన ఒక పరిశీలనలో తేలింది. అంటే యాభై మాటలకు ఒకటి తెలియకపోతే ఫరవాలేదు. ఇరవైకి ఒకటి తెలియకపోతే కథ చెయ్యిజారుతుంది. సొంతవారి కోసం రాసిన నవలలూ పత్రికలూ ఆ ప్రకారం చదవడానికి ఎనిమిది తొమ్మిదివేల మాటల కుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. చైనా హైస్కూలు పాఠ్యప్రణాళిక ఆశించేది సుమారు మూడువేలు. మిగిలిన దూరం మాటల పుస్తకంతో నడవవచ్చునా? నడిచేవారు నడుస్తున్నారు, "ఎబాండన్" దగ్గర ఆగేవారు ఆగుతున్నారు.

ఫిజీ ద్వీపాలలో జరిగిన ప్రయత్నం ఒకటి చెప్పుకోదగినది. పల్లెటూరి బడులలో తరగతికి 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు పెట్టి, పిల్లలను చదువుకోనిచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలు మామూలు పద్ధతిలో చదివేవారికంటె దాదాపు రెండింతల వేగంతో ముందుకు పోయారని 1983లో ప్రచురించారు. పెద్ద విద్య ఏమీ కాదు, కథ ఏమవుతుందో తెలుసుకోవాలనే ఆత్రం. సీరియలు వచ్చేవారానికి ఎదురుచూసే మన పాఠకులకు దీన్ని వివరించనక్కరలేదు.

అయితే షాంఘైలో కలవారి పిల్లవాడు "హారీ పాటర్" మూలం చేతపట్టుకుంటాడు. దూరపు కొండ పల్లెలో పిల్లవాడికి పాఠ్యపుస్తకం తప్ప ఇంకో ఇంగ్లీషు పుస్తకం దొరకడమే గగనం. 2021 జూలైలో ప్రభుత్వం లాభాపేక్షతో నడిచే ట్యూషన్ల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. ట్యూషను మీద అదుపు పెట్టవచ్చు గాని, ఇంట్లో ఉన్న పుస్తకాల బీరువా మీద అదుపు పెట్టలేరు. అందుచేత లేనివారి బడిలో బీరువా పెట్టడం ఒక్కటే దారి అని నా అభిప్రాయం.

ఇక పుస్తకం ఎంచుకోవడం. ఒక పుట తెరిచి, తెలియని మాటకు ఒక వేలు చొప్పున ముడవాలి. పుట ముగియకుండానే చేతి వేళ్లు అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. చదివేటప్పుడు మాటమాటకూ ఫోను నొక్కి అర్థం చూడకూడదు. మూడుసార్లు ఎదురై, కథకు అడ్డుపడిన మాటనే చూడాలి. ఒకే రచయితవి వరుసగా నాలుగు పుస్తకాలు చదివితే మాటలు తమంతట తామే మళ్లీమళ్లీ వచ్చి పలకరిస్తాయి. అదే కథను చెవితో వింటూ కన్నుతో చదవడం చైనా పిల్లలకు ప్రత్యేకంగా మేలు. మూగబోయిన చెవి లేస్తుంది.

చైనాలో బాగా వ్యాప్తిలో ఉన్న సులభ కథల వరస ఒకటి ఉన్నది. దాని పేరు "షూ-చుంగ్". అంటే, మనం అన్నట్టే, పుస్తకాల పురుగు. ఆక్స్‌ఫర్డ్ వారి కథలకు చైనా ముద్రణ అది. మొదటి మెట్టులో 400 మాటలు, ఆరో మెట్టులో 2,500. మూడువేల మాటలు కంఠతా వచ్చిన కాలేజీ కుర్రవాడు కూడా మూడో మెట్టుతో మొదలుపెడితే సుఖపడతాడు. పిల్లల పుస్తకం చదువుతున్నాడని పక్కవాళ్లు నవ్వుతారన్న బెంగ ఉంటే, అట్ట మీద కాగితం చుట్టుకోవచ్చు.