వేసవి సెలవుల్లో ఆగిపోయే ఇంజెక్షన్

చలికాలంలో అరకులోయ, అనంతగిరి, పాడేరు కొండల్లో పిల్లలకు గొంతునొప్పి రావడం వింతేమీ కాదు. హాస్టలు గదిలో పక్కపక్కన పడుకునే చోట ఒకరిది పదిమందికి అంటుకుంటుంది. వీటిలో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చి వాటంతట అవే తగ్గిపోతాయి. మేము రాస్తున్నది మిగిలిన వాటి గురించి.

వాటికి కారణం స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బాక్టీరియా. మైక్రోస్కోపులో చూస్తే పూసలదండలా ఉంటుంది. గొంతులో చేరేదీ, గజ్జి గోకిన చోట పుండు చేసేదీ ఇదే. దీని ఒంటిమీద వెంట్రుకల్లా ఉండే ఎం ప్రోటీన్ మన కణాలను పట్టుకోవడానికీ, తెల్లకణాలు తనను మింగకుండా చూసుకోవడానికీ పనికొస్తుంది. పైన కప్పుకునే పొర హయలురోనిక్ ఆమ్లం. అది మన శరీరంలో కూడా ఉండే పదార్థమే. దొంగ మన దుప్పటే కప్పుకొని మన ఇంట్లో తిరిగినట్టన్నమాట. తరువాత స్ట్రెప్టోలైసిన్ అనే విషంతో కణాల గోడలకు కన్నాలు వేస్తుంది. పుండు చుట్టూ రక్తం గడ్డకట్టి అడ్డుగోడ కడితే, స్ట్రెప్టోకైనేజ్‌తో దాన్ని కరిగించి ముందుకు పాకుతుంది. (గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించడానికి ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్ మందు ఈ కుటుంబపు బాక్టీరియా నుండి తీసినదే!) చెప్పుల్లేని కాలికి తగిలిన చిన్న గాయం ఒకటి రెండు రోజుల్లో మోకాలిదాకా ఎర్రబడడానికి కారణం ఇదే. అలా పాకినా, పైకి కనబడేదానికన్నా నొప్పి మరీ ఎక్కువగా ఉన్నా, పసరు కట్టి ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

కాని దీనివల్ల కలిగే పెద్ద నష్టం గొంతు తగ్గిపోయాక మొదలవుతుంది. ఎం ప్రోటీన్‌లోని కొన్ని భాగాలు మన గుండెలోని ప్రోటీన్లను పోలి ఉంటాయి. బాక్టీరియా మీద దాడికి తయారైన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత గుండె మీద పడుతుంది. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం వస్తుంది, మోకాలు వాస్తుంది, అది తగ్గి చీలమండకో మోచేతికో మారుతుంది. ఇంట్లో పెద్దలు వాతం అంటారు. కీళ్ళు బాగుపడతాయి గాని, దెబ్బతిన్న గుండె కవాటం చాలామందిలో మునుపటిలా కాదు. ఏళ్ళ తరువాత ఆ అమ్మాయి గర్భవతి అయినప్పుడు ఆయాసం వస్తుంది. రక్తం తక్కువనుకొని ఐరన్ మాత్రలతో సరిపెడతారు. ఆయాసపడే ప్రతి గర్భిణికి గుండె పరీక్ష చేయాలని మేము గట్టిగా చెబుతున్నాము.

చర్మపు పుండ్లు మానిన మూడు నుండి ఆరు వారాలకు పిల్లల ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే అది మూత్రపిండాలకు తగిలిన దెబ్బ. గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలని చెప్పడం ఇందుకే.

ఇంతకూ ఈ బాక్టీరియాకు 1940ల నాటి పెన్సిలిన్ నేటికీ పనిచేస్తోంది. ఒకసారి కీళ్ళ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. కనీసం ఐదేళ్ళు, గుండె దెబ్బతింటే పదేళ్ళు లేక ఇంకా ఎక్కువ. ఉగాండాలో లక్షణాలు లేకుండా తొలిదశ కవాట జబ్బు ఉన్న 818 మంది పిల్లల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్ళలో ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 0.8 శాతం మందికే జబ్బు ముదిరింది, తీసుకోనివారిలో 8.2 శాతం మందికి ముదిరింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద తీర్మానం కూడా చేసింది. తీర్మానాలు కొండ ఎక్కవు గదా!

ఇంజెక్షన్ మానేస్తే తల్లిదండ్రులను తిట్టడం అలవాటైపోయింది. మేము దానితో ఏకీభవించము. పిల్లవాడి పేరు చదివే ఆశ్రమ పాఠశాల పుస్తకంలో ఉంటుంది. ఏప్రిల్ చివర సెలవులిచ్చాక వాడు రెండు గెడ్డలు దాటి ఊరికి వెళ్ళిపోతాడు. అక్కడి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్మమ్మకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? సుమారు ఏడు వారాల సెలవులంటే ఒకటి, రెండు ఇంజెక్షన్లు పోయినట్టే. జూన్‌లో బడి తెరిచేసరికి వానలు, జలుబులు, గొంతునొప్పులు.

ఆపరేషన్ ఉచితంగా చేస్తారు కదా అని కొందరంటారు. నిజమే, ఆరోగ్యశ్రీ వచ్చాక చాలామందికి మేలు జరిగింది. కాని లోహపు కవాటం వేశాక జీవితాంతం రక్తం పలుచబడే మాత్ర వేసుకోవాలి, దాని మోతాదుకు తరచూ రక్తపరీక్ష చేయించాలి. దానికి కొండ దిగక తప్పదు. దానికంటే ఇంజెక్షనే కొండ ఎక్కడం తేలిక.

ఈ సూదికి నొప్పి ఉంటుంది. తీవ్రమైన అలర్జీ వస్తుందేమోనని కొన్నిచోట్ల ఇవ్వడానికి వెనుకాడుతున్నారు. అలాంటిది చాలా అరుదు. ఇచ్చాక అరగంట కూర్చోబెట్టి, అడ్రినలిన్ దగ్గర ఉంచుకుంటే చాలు. కవాటం బాగా చెడి ఆయాసపడేవారికి మాత్రం డాక్టరుగారు సూది బదులు మాత్రలు రాయవచ్చు.

ఈ వేసవికి తల్లిదండ్రులు బడి నుండి పిల్లవాడిని తీసుకెళ్ళేటప్పుడు ట్రంకుపెట్టెతోపాటు ఇంజెక్షన్ కార్డును కూడా అడిగి తీసుకోండి. రాబోయే రెండు తేదీలు దానిమీద వార్డెనుగారి చేత రాయించండి. ఊరు చేరిన వారంలోపు ఆ కార్డును ఏఎన్ఎమ్మమ్మకు చూపించండి.