తేనెపిట్టకు సీసా ఏల?

గత ఉగాదినాడు మన సంఘ సమావేశములో జరిగిన చిన్న వాగ్వాదమును సభ్యులు మరచియుండరు. కార్యక్రమము ముగియవచ్చిన వేళ ఉత్సాహవంతుడైన యువకుడొకడు లేచి, అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు తమ పెరటిచూరులకు ఎఱ్ఱని సీసాలు వ్రేలాడదీసి, అందు చక్కెరనీరు పోసి, హమ్మింగ్ పక్షులను రప్పించుచున్నారనియు, అట్టి సీసాలను సంఘము తరఫున ఇంటికొకటి చొప్పున పంచినచో మన పిల్లలకును ఆ వినోదము దక్కుననియు ప్రతిపాదించెను. సభ చప్పట్లు కొట్టెను. మేము లేచి వలదంటిమి. "గుమాస్తాగారికి ప్రతి ఖర్చునకును అభ్యంతరమే" అని వెనుకనుండి ఎవరో నవ్విరి. ప్రసాదములకు వేళ మించిపోవుటచే మా మాట సగములోనే ఆగిపోయినది. మిగిలిన సగమును ఈ సంచికలో చెప్పుకొనుటకు సంపాదకులు చోటిచ్చినారు. వారికి కృతజ్ఞులము.

మొదటి మాట. హమ్మింగ్ పక్షి మన దేశమున లేదు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండములును వాని చుట్టునున్న దీవులును మాత్రమే దాని నివాసము. అచ్చట 300కు పైగా జాతులు కలవు. క్యూబా దీవిలోని ఒక జాతి సుమారు 2 గ్రాముల బరువే తూగును. అమెరికా తూర్పు భాగమున మన బిడ్డల ఇండ్లకు వచ్చు ఎఱ్ఱకంఠపు జాతి పువ్వు ముందర గాలిలో నిలిచి, సెకనుకు సుమారు 50 మారులు రెక్కలాడించును. వెనుకకు కూడ ఎగురగలదు. చలికాలమునకు ముందు ఆ పిట్టలలో పెక్కు మెక్సికో సింధుశాఖ మీదుగా దక్షిణమునకు పోవును. అద్భుతమైన ప్రాణియే, కాదనము. కాని గోపాలపురమునుండి ఇచ్ఛాపురము వరకు ఇంటింట సీసా కట్టినను అది రాదు. పిల్లలకు రాని పక్షిని చూపెదమని చెప్పుట న్యాయము కాదు.

మనకున్నది తేనెపిట్ట. మన పెరళ్లలో తరచుగా కానవచ్చునవి రెండు విధములు. ఒకదాని మగది గూడు కట్టు కాలమున దూరమునకు నల్లగా తోచి, ఎండ పడగానే నీలము, ఊదా కలిసి నిగనిగలాడును. రెండవదాని మగదానికి పొట్ట పసుపు, నడుము ఊదా. ఆడవి రెండును పైన మట్టిరంగు, క్రింద లేత పసుపు. కొలుచుటకు సుమారు 10 సెంటీమీటర్లు. హమ్మింగ్ పక్షితో దీనికి చుట్టరికము లేదు. తేనెపిట్ట కాకి, పిచ్చుక చేరిన పెద్ద వర్గమునకు చెందినది. హమ్మింగ్ పక్షి ఆ వర్గమున చేరదు. ఎక్కడి కూలివానికైనను ఒకే పనిచే అరచేతిలో ఒకే విధముగా కాయలు కాచినట్లు, పువ్వులోని తేనె త్రాగు పనిచేతనే రెండింటికిని సన్నని పొడవైన ముక్కు, గొట్టమువంటి నాలుక అమరినవి. మన పిట్ట కూడ క్షణకాలము గాలిలో నిలువగలదు గాని, కొమ్మపై కూర్చుండి త్రాగుటయే దాని అలవాటు. గాలిలో ఊగు సీసా దానికి నచ్చకపోవుటలో వింత యేమి?

మేము ఊహించి వ్రాయుట లేదు. మూడేండ్ల క్రిందట మా అబ్బాయి అమెరికానుండి అట్టి సీసానొకటి తెచ్చి మా వసారా చూరునకు కట్టినాడు. వైశాఖమాసము. మొదటి దినము గండుచీమలు తాడు వెంట బారులు తీరినవి. రెండవ దినము కందిరీగలు వచ్చినవి. మూడవనాటికి నీరు మబ్బు పట్టి పులిసిన వాసన వేసినది. తేనెపిట్ట ఒకమారు వచ్చి, సీసాను చూచి, ప్రక్కనున్న మందారచెట్టునకే పోయినది. అది మందారపువ్వు నోటిలోనికి ముక్కు పెట్టదు. పువ్వు మొదలు వద్ద ప్రక్కనుండి పొడిచి తేనె లాగుకొనును. మా మనుమరాలు దానిని చూచి "తాతా, దొంగతనము చేయుచున్నది" అని కేకవేసినది. ఆ బిడ్డ ఆ వేసవియంతయు సీసాను తిరిగి చూడలేదు. మరునాడు అదే పిట్ట మా స్కూటరు అద్దములో తన ప్రతిబింబముతో గంటసేపు యుద్ధము చేసినది. వినోదమునకు లోటేమున్నది?

అమెరికాలో సీసా కట్టువారిని మేము నిందించుట లేదు. అచ్చట తెలిసినవారు దానిని ఒక నియమముతో చేయుదురు. ఒక వంతు తెల్లచక్కెరకు నాలుగు వంతుల నీరు కలుపుదురు. తేనె వేయరు, బెల్లము వేయరు, ఎఱ్ఱరంగు కలుపరు. ఎండకాలమున రెండు మూడు దినములకొకమారు పారబోసి, సీసా కడిగి, క్రొత్త నీరు పోయుదురు. ఈ నియమము తప్పినచో నీటిలో బూజు పుట్టి పక్షికి రోగము తెచ్చును. మన ఊరి వేసవిలో రెండు దినములు కూడ ఎక్కువే. మొదటి వారము శ్రద్ధ, రెండవ వారము సోమరితనము, మూడవ వారము మరపు. మన సంఘ గ్రంథాలయపు బీరువా తాళముచెవి ఎవరివద్ద నున్నదో తెలియక ఎన్ని నెలలు గడచినవో జ్ఞాపకమున్నవారు ఈ మాటను కాదనరు. పైగా ఆ దేశపు పక్షిప్రేమికులే నేడు సీసాకంటె ముందు తమ నేలలో పుట్టిన పూలమొక్కలను నాటుడని బోధించుచున్నారు. మనము వారినుండి సీసాను తెచ్చుకొని ఆ బోధను అక్కడనే వదలి వచ్చితిమి.

రెండవ మాట ఇంకను ముఖ్యమైనది. తేనెపిట్ట తేనెతో మాత్రమే బ్రదుకదు. పిల్లలకు అది పెట్టునది పురుగులు, సాలీళ్లు. కొమ్మ చివర సంచివలె వ్రేలాడు దాని గూడు సాలెగూటి దారముతో అల్లినది. గడ్డిపోచలు, ఎండుటాకులు, బెరడుముక్కలు, పురుగుల రెట్టలు ఆ దారముతోనే అతుకును. ప్రక్కనున్న ద్వారముపై వానకు చిన్న చూరు కూడ దించును. ఈ పని యంతయు దాదాపుగా ఆడపిట్టదే. సాధారణముగా రెండు గ్రుడ్లు. రెండు వారములకు పైగా పొదుగు. మనమేమి చేయుచున్నాము? పండుగకు పండుగకు మధ్య దోమకని, చెదకని, బొద్దింకకని ఇంటిచుట్టు విషము చల్లించుచున్నాము. సాలెగూడు కానవచ్చిన మూలనెల్ల చీపురు ఆడించుచున్నాము. మిగిలిన మట్టిని సిమెంటుతో కప్పుచున్నాము. ఇన్ని చేసి చూరునకు చక్కెరనీరు కట్టుట, కన్నవారిని వీథిలో నిలిపి సంవత్సరమునకొకమారు పట్టుబట్టలు పెట్టుటవంటిది.

మా చిన్ననాటి పెరడు రామయ్యపట్నములో ఉండెడిది. మా పెద్దలది సముద్రముపై వేట. ఇంటి వెనుక వలలారవేయు ఇసుకనేల. ఆ ఇసుక దాటగానే మా అమ్మ పెరడు. పూలతోటయని ఎవరును అనలేదు. మునగ కూరకు, అరటి ఆకునకు, దానిమ్మ పిల్లల కడుపునొప్పికి, మందార దేవునికి, తలనూనెకు. ప్రహరీగా మొగలిపొద. పిట్టకొరకు ఆమె ఒక్క మొక్కనైనను నాటలేదు. అయినను శీతాకాలము చివర మునగ పూచినప్పుడు తెల్లవారకముందే ఆ సన్నని కీచుపిలుపు వినబడెడిది. మునగపూవు రాలగానే అరటిపువ్వు దొప్పల క్రింద తేనె. దాని తరువాత దానిమ్మ. మందార సంవత్సరము పొడుగున. ఊరి వెలుపల బూరుగ, మోదుగ పూచిన నెలలో పిట్ట అటు పోయి మరల వచ్చెడిది. ఒక ఇంటి అవసరములకు పెట్టుకొన్న పెరడు ఒక పిట్టకు పన్నెండు నెలల భోజనమైనది. ఆ ఏర్పాటును ఏ సీసాయు చేయజాలదు.

ఆ పెరడు నేడు లేదు. మన తీరమును సముద్రము కోసుకొనిపోవుచున్న సంగతి రామయ్యపట్నము వారికి వేరుగ చెప్పనక్కరలేదు. వలలారవేసిన ఇసుక మొదట పోయినది, మొగలిపొద తరువాత. పెరడు పోవునని తెలిసినప్పుడు మా అమ్మ చేసిన పని మాకు కన్నులయెదుట నున్నది. ఆమె బిందెలకంటె ముందు మందారకొమ్మలు నాలుగు, మునగబోదెలు రెండు కోసి తడిగోనెలో చుట్టి బరంపురమునకు బస్సులో తెచ్చినది. అద్దె ఇంటి నూతిప్రక్కన జానెడు మట్టిలో నాటినది. నేడు మా వసారా ముందరనున్న మందార ఆ కొమ్మల సంతతియే. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో గోపాలపురము వద్ద తీరము దాటినపుడు మా మునగ మొదలంట విరిగిపడినది. ఊరియందు నిలిచిన చెట్లకు కూడ ఆకు మిగులలేదు. కొన్ని నెలలు తేనెపిట్ట కూత వినరాలేదు. విరిగిన మోడునుండి చిగురు వచ్చి, అది మరల పూచిన ఉదయమున పిట్ట వచ్చినది. మేము ఆఫీసునకు ఆలస్యముగా పోయితిమి.

ఇక ఆక్షేపణలు. "మాకు పెరడు లేదు" అందురు. మందారకు పెద్ద కుండ చాలును. మునగకు ప్రహరీమూలలో గజము చోటు చాలును. చోటు లేనివారు సంఘభవనపు ఆవరణ చూచుకొనవచ్చును. అందలి మట్టినంతయు నిరుడు సిమెంటు పలకలతో కప్పించితిమి; గేటు ప్రక్కన ఆకుల అందమునకు క్రోటన్లు పెట్టితిమి. "మునగకు గొంగళిపురుగు పట్టును" అందురు. పట్టును, పట్టిన కొమ్మ నరికివేయుడు, మునగ మరల చిగుర్చును. "చెట్టున్నచోట పాము వచ్చును" అందురు. పామును రప్పించునది చెట్టుకంటె దానిక్రింద మనము పోగువేసిన చెత్త, ఆ చెత్తకు చేరిన ఎలుక. "సాలెగూడు అశుభము" అందురు. ఇంటిలోపల దులుపుకొనుడు, పెరటిమూలలో ఒకటి రెండు మిగిలిన లక్ష్మీదేవి అలుగదు.

ఇంకొక సంగతి. 1836లో మద్రాసునకు వచ్చిన జెర్డన్ అను కంపెనీ వైద్యుడు మన గంజాము ప్రాంతమున సైనికుల జ్వరములకు మందిచ్చుచు పక్షులను పరిశీలించెను. 1862నుండి 1864వరకు వెలువడిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథమున పెక్కు పక్షులకు తెలుగు పేర్లు కూడ నమోదైనవి. పరదేశి మన పెద్దలనడిగి వ్రాసికొన్న పేర్లను మనము మన పిల్లలకు చెప్పుట లేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు మన తాతలు ఇచ్చటనే నిలిచిపోయిరి. కచేరిలో, బడిలో, బజారులో వేరు మాట నేర్చుకొనిరి. తప్పులేదు, ఆ మాటయు మనకు అన్నము పెట్టినది. కాని పెరటిలో మునగ మునగగానే, మందార మందారగానే, తేనెపిట్ట తేనెపిట్టగానే మిగిలెను. పెరడు పోయిన ఇంట ఈ మాటలకు పని లేదు. పని లేని మాటను బిడ్డ నోట ఎంతకాలము నిలుపగలము? ఉగాదినాడు పద్యపోటీ పెట్టి ఏడాది పొడుగున ఇంట తెలుగాడకుండుట కూడ చూరునకు సీసా కట్టుటయే.

కావున మా ప్రతిపాదన యిది. సీసాలకు నిర్ణయించిన పద్దును రద్దు చేయవలెను. ఆ సొమ్ములో కొంతతో సంఘభవనపు ఆవరణలో తూర్పువైపు పలకలు తీయించి మట్టి తేలవలెను. అందు ఒంటిరేకల మందార, దానిమ్మ, అరటి, మునగ నాటవలెను. ముద్దమందార చూపునకు నిండుగా నుండును గాని పిట్టకు తేనె అందుట కష్టము. తొలకరి పడగానే ప్రతి ఇంటికి ఒక మందారకొమ్మ, ఒక మునగబోదె ఇయ్యవలెను. వేసవిలో నీడపట్టున మట్టిమూకుటిలో నీరుంచుడు, దినదినము మార్చుడు. అంతకు మించిన సేవ ఆ పిట్ట మననుండి కోరదు. పూత కాలమున మొక్కపై పురుగుమందు చల్లకుడు.

ఖర్చును గూర్చి భయపడువారికి ఒక మాట. ముప్పదియారేండ్లు పద్దులు వ్రాసిన చేయి మాది. లెక్క చూచియే చెప్పుచున్నాము. కొమ్మలకు రూపాయి ఖర్చు లేదు. మా మందారను, మునగను ఈ వానలకు ఎట్లును కత్తిరింపవలసియున్నది. వానలు మొదలైన తరువాత ఏ ఆదివారమైనను ఉదయము తొమ్మిది గంటలలోపల కత్తి, తడిగోనె తెచ్చుకొని మా యింటికి రావచ్చును. పిల్లలను వెంటబెట్టుకొని రండు. ఆ వేళకు పిట్టలును అక్కడనే యుండును.