వరద ఆట ఒకటి చూశా, చెప్పాలి

పిల్లలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మనం తిడతాం కదన్నా. నేనూ తిట్టా. మా మేనల్లుడు ఆడేది ఏంటా అని పక్కన కూర్చున్నాక నోరు మూసుకున్నా.

ఆట పేరు ‘ద ఫ్లేమ్ ఇన్ ద ఫ్లడ్’. అమెరికాలో ఓ చిన్న బృందం, పెద్ద గేమ్ కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్లే, ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు పోగేసి చేసి 2016లో విడుదల చేశారు. వరదకి ఊళ్లన్నీ పోయాయి. ఒక పిల్ల, ఒక కుక్క, ఒక తెప్ప. ఆకలి, దాహం, చలి, నిద్ర, ఈ నాలుగూ చూసుకుంటూ ఏటి వాలుకి పోవడమే. వెనక్కి తిరగడం లేదు. మురికి నీళ్లు తాగితే జబ్బు. దెబ్బకి కట్టు కట్టకపోతే ముదురుతుంది. వరద చూసినోళ్లకి ఇది కొత్తగా చెప్పాలా? నీళ్లు తగ్గాకే కదా అసలు రోగాలు మొదలయ్యేది.

నాకు బాగా నచ్చింది కుక్క వీపు మీది సంచి. పిల్ల చచ్చిపోయినా ఆ సంచిలో పెట్టినవి తర్వాతి ఆటకి మిగులుతాయి. మీ పాస్‌బుక్కు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయి? బీరువా కింది అరలోనేనా? ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి, ఈరోజే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఆ పిల్లకి పొలం లేదు. తెప్ప ఎక్కి పోతుంది. మనం చేనుని, గొడ్లని వదిలి ఎటు పోతాం? గట్టు మీద నిలబడి, ఈనిన వరి మునిగిపోతుంటే చూస్తాం. ఆ నిలబడటం మీద ఎవరైనా ఆట చేస్తే మావాడితో పాటు నేనూ ఆడతా.