పాడైన సప్లైకి యంత్రాన్ని బలిపెట్టాలా?

మూలనపడ్డ పాత కంప్యూటర్ గురించి వినిపించే మాట ఎప్పుడూ ఒకటే. "పవర్ సప్లై కాలిపోయింది. విడిభాగాలు దొరకవు. ఎమ్యులేటర్ ఎలాగూ ఉంది. జేబులో ఫోనే దానికంటే వేలరెట్లు వేగం. తూకానికి వేసేస్తే పోలా?" సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లే ఈ మాట మరీ ధీమాగా అంటారు. ఇందులో ఫోను సంగతి మాత్రం నిజం. కానీ ఆ ఫోను వెనకా ఒక పాత యంత్రం ఉంది, దానితోనే మొదలుపెడదాం.

ఇంటెల్ నుంచి బయటికొచ్చిన కొందరు 1983లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో సీక్వెంట్ అనే కంపెనీ పెట్టారు. ఒక్క పెద్ద ప్రాసెసర్ చేసే పనిని బజారులో దొరికే చిన్న ప్రాసెసర్లు పదీ ఇరవై కలిపి చేయించవచ్చని వాళ్ల నమ్మకం. 1987లో వచ్చిన వాళ్ల సిమ్మెట్రీ యంత్రంలో ఇంటెల్ 386లు 30 దాకా ఒకే మెమరీని పంచుకునేవి. అన్నిటికీ దారి ఒకటే బస్సు. ఆర్టీసీ బస్సు లాగే, ఎక్కేవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ.

ముప్పైమంది ఒకే పద్దు పుస్తకం మీద పడితే ఏమవుతుందో తెలిసిందే. ఒకరు రాస్తున్నంతసేపూ మిగతావాళ్లు తాళం వేసిన గది ముందు నిలబడాలి. ఈ పడిగాపులు తప్పించడానికి సీక్వెంట్ ఇంజినీర్లు పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ 1990ల మొదట్లో ఒక ఉపాయం పట్టారు. చదివేవాళ్లకు తాళమే వద్దన్నారు. మార్చదలచినవాడు ఒక నకలు తీసి, అందులో దిద్ది, దాన్ని పాతదాని చోట పెడతాడు. పాత ప్రతిని చదువుతున్న ఆఖరివాడు లేచాకే దాన్ని పారేస్తాడు. రీడ్-కాపీ-అప్‌డేట్ అని దీని పేరు. 1999లో సీక్వెంట్‌ను ఐబీఎం కొనేసింది. 2002లో ఈ పద్ధతి లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఆండ్రాయిడ్ నడిచేది ఆ కెర్నెల్ మీదే. ఏ ఫోనును చూపించి పాత యంత్రాన్ని వెక్కిరిస్తున్నారో, ఆ ఫోనులోని కోర్లు ఒకదాన్నొకటి తోసుకోకుండా పనిచేయడం వెనక ఆ యంత్రం పడ్డ పాట్లున్నాయి.

ఇక "సప్లై కాలిపోయింది" అన్న తీర్పు. ఫ్యాన్ తిరగకపోతే మెకానిక్ ముందు కండెన్సర్ మారుస్తాడు, ఫ్యాన్ పారేయమనడు. లక్షలు పోసి కొన్న యంత్రానికి ఆపాటి న్యాయం కూడా దక్కదు. గుప్పున పొగ, ముక్కు బద్దలయ్యే వాసన రాగానే జనం బెదిరిపోతారు. ఆ పొగ చాలాసార్లు కరెంటు లోపలికొచ్చే చోట ఉన్న కాగితపు కెపాసిటర్‌ది. దాని పైపూత ఏళ్ల తరబడి బీటలిచ్చి, తేమ పీల్చుకుని, స్విచ్ వేయగానే పేలుతుంది. అది చేసే పని కరెంటులోని రొదను ఆపడమే. అది పోయినా వెనకున్న సర్క్యూట్ తరచు చెక్కుచెదరదు. తర్వాతి అనుమానితులు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోతుంది, లేదా కారి బోర్డు రాగిని తింటుంది. ఆ కొలతకు సరిపోయేవి ఇప్పటికీ తయారవుతున్నాయి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగినా ఇలాంటి సరుకే చూపిస్తారు. "దొరకవు" అన్నవాళ్లు వెతికి అన్నారా?

యంత్రాన్ని నిజంగా చంపేది తొందర. "ఓసారి ప్లగ్గు పెట్టి చూద్దాం" అన్న సరదా. 230 వోల్టుల ఏసీ డీసీగా మారేసరికి సుమారు 325 వోల్టులవుతుంది, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో అది నిలిచివుంటుంది. రెసిస్టర్‌తో దాన్ని దింపి, మల్టీమీటర్‌తో సరిచూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. సప్లైని బోర్డులకు తగిలించి పరీక్షించకూడదు. బయటికి తీసి, ఉత్తుత్తి లోడు ఇచ్చి చూడాలి, ఎందుకంటే లోడు లేకుండా సరిగ్గా పనిచేయని సప్లైలు బోలెడు. ఇరవై ముప్పై ప్రాసెసర్ల యంత్రంలో 5 వోల్టుల లైను వంద ఆంపియర్లు దాటడం వింతేమీ కాదు. అంత కరెంటుకు తీగలోనే వోల్టేజి పడిపోతుంది కాబట్టి, బోర్డు దగ్గర ఎంత అందుతోందో కనిపెట్టే సన్నని సెన్స్ తీగలు రెండుంటాయి. అవి ఊడితే సప్లై మోసపోయి వోల్టేజి పెంచుకుంటూ పోవచ్చు. టీటీఎల్ చిప్పులు తట్టుకునే గరిష్ఠం 7 వోల్టులు. ఆ హద్దు దాటకుండా లైనును తనే షార్ట్ చేసి ఆపే రక్షణ సర్క్యూట్ ఉన్నా, ముప్పై ఏళ్ల తర్వాత అది మేలుకునే ఉందో లేదో పరీక్షించాల్సిందే.

వేరియాక్‌తో వోల్టేజిని మెల్లమెల్లగా పెంచాలనే పాత రేడియోల కాలపు సలహా ఒకటి ఉంది. ఈ యంత్రాల్లోని స్విచింగ్ సప్లైకి అది చేటు. వోల్టేజి తగ్గితే అది కరెంటు ఎక్కువ లాగుతుంది.

ఇక పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటర్ సంగతి. దాన్ని రాసేవాళ్ల శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. పాత ప్రోగ్రాములు బతికున్నది వాళ్ల పుణ్యమే. కానీ బహుళ ప్రాసెసర్ల యంత్రాల దగ్గరే ఆ దారి బలహీనం. మేమ్ వంటి ఎమ్యులేటర్ ప్రాసెసర్లను వంతులవారీగా, తలా కాస్తసేపు నడుపుతుంది. అసలు యంత్రంలో వంతుల్లేవు. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణంలో బస్సు కోసం ఎగబడితే ఎవరు గెలుస్తారు, ఓడినవాడి క్యాష్‌లో ఏం మిగులుతుంది అన్నదే అక్కడి అసలు నాటకం. సీక్వెంట్ యంత్రాల్లో ఇంటరప్టులను ప్రాసెసర్ల మధ్య పంచడానికి స్లిక్ అనే సొంత చిప్పు ఉండేది. ఇలాంటి చిప్పుల గురించి మాన్యువల్ చెప్పని లోగుట్టు పెరుమాళ్లకెరుక, లేదంటే నడుస్తున్న యంత్రానికెరుక. ఎమ్యులేటర్ సరిగ్గా ఉందని తేల్చాలన్నా పక్కన అసలుది ఉండాలి కదా!

ఖర్చు మాట కొట్టిపారేయదగ్గది కాదు. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ స్థాపించిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం రెండు ప్రాసెసర్ల సీడీసీ 6500ను కూడా నడిపించి చూపింది. ఆయన 2018లో పోయారు. కొవిడ్ వేళ 2020లో మూసిన తలుపులు మళ్లీ తెరుచుకోలేదు. 2024లో అక్కడి వస్తువులు కొన్ని వేలానికి వెళ్లాయి. చూశారా, కోటీశ్వరుడివల్లే కాలేదంటారు. యంత్రాలు నడవక మ్యూజియం మూతపడలేదు, మోసేవాళ్లు లేక మూతపడింది. పైగా రోజూ నడపమని ఎవరూ అడగడం లేదు. ఒక్కసారి లేపి, డిస్కులు చదివి, రామ్‌లూ రోమ్‌లూ పరీక్షించి, కొలతలు రాసుకుని మళ్లీ పడుకోబెట్టినా చాలు.

బహుళ ప్రాసెసర్ల యంత్రాల కథ మనకు పరాయిది కూడా కాదు. 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 16 పీడీపీ-11 కంప్యూటర్లను కలిపి సీ.ఎంఎంపీ అనే యంత్రాన్ని కట్టింది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అక్కడే మాటలు గుర్తుపట్టే హియర్‌సే వ్యవస్థల మీద పనిచేశారు. హియర్‌సే-2ను బహుళ ప్రాసెసర్లను దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. 1991లో పుణేలో సీ-డాక్ తెచ్చిన పరమ్ 8000 కూడా ట్రాన్స్‌ప్యూటర్ చిప్పుల గుంపే.

ఏ కాలేజీ స్టోర్‌రూమ్‌లోనైనా ఇలాంటి పెట్టె కనబడితే ప్లగ్గు పెట్టకండి. ఫొటోలు తీయండి, బోర్డుల మీది నంబర్లు రాసుకోండి, డిస్కులను దానితోనే ఉంచండి. తూకంవాడికి ఫోన్ చేసేముందు, సప్లై మూత విప్పడం తెలిసినవాడికి ఒక్క ఫోన్ చేయండి.