బెల్లానికి పైకప్పు సరే, అడుగు సంగతేమిటి?

సంక్రాంతి మొదలు ఉగాది వరకు అనకాపల్లి బెల్లం మార్కెట్లో మాటంతా రంగు మీదనే నడుస్తుంది. మేలు రకానికి ఒక ధర, మధ్య రకానికి ఒక ధర, నలుపు తిరిగిన సరుకుకు మరొక ధర. ఆ రంగును రైతు గానుగ దగ్గర, పెనం దగ్గర కష్టపడి తెస్తాడు. గిడ్డంగి చేరిన తరువాత అది నిలిచేదీ నిలవనిదీ చాలావరకు దిమ్మల కింద ఏమి పరచారన్న దానిపై ఆధారపడి ఉన్నది.

బెల్లంలో పంచదారతోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. ముఖ్యంగా ఫ్రక్టోజు తేమను ఇట్టే లాగుకొంటుంది. అయితే తేమ గాలి నుంచి మాత్రమే రాదు. సిమెంటు గచ్చు పైకి పొడిగా కనిపించినా, అందులోని సన్నని రంధ్రాల గుండా నేల చెమ్మ పైకి ఎక్కుతుంది. గచ్చు ఖాళీగా ఉన్నంతకాలం అది గాలిలో కలిసిపోతుంది. దిమ్మలు పేర్చితే ఆ దారి మూసుకొని, చెమ్మ సరుకులో చేరుతుంది. అడుగు వరుస మెత్తబడి నీరుకారుతుంది. పై బరువుకు దొంతర ఒరుగుతుంది. 10 వరుసల దొంతరలో అడుగు వరుస అంటే సరుకులో 10వ వంతు. ఇది చిన్న నష్టం కాదు.

ఈ సంగతి ఇళ్లలో లామినేట్ పలకలు పరచే పనివారికి బాగా తెలుసు. కొత్త కాంక్రీటు అంగుళం మందానికి నెల చొప్పున ఆరాలన్నది వారి లెక్క. గచ్చుపై ముందుగా పాలిథీన్ పట్టా పరచి, అతుకుల వద్ద జానెడు మేర ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు చేసి టేపు అంటిస్తారు. ఆ పైన పలుచని ఫోమ్ పరుపు, దానిపై పలకలు. నడిచే నేలకు తీసుకొనే ఈ జాగ్రత్త తినే బెల్లానికి అక్కరలేదా?

పరీక్ష కూడ తేలిక. రెండడుగుల పాలిథీన్ ముక్కను గచ్చుపై పరచి, నాలుగంచులూ టేపుతో మూసి, ఒక రోజు ఉంచితే చాలును. అడుగున నీటి బొట్లు పట్టినా, గచ్చు నల్లబడినా ఆ గది నిల్వకు సిద్ధంగా లేదన్నమాట.

పట్టా ఒక్కటే పరచి దానిపై నేరుగా దిమ్మలు పేర్చడమూ సరికాదు. బెల్లం నుంచి కారిన పాకం పోయే దారిలేక అక్కడే నిలుస్తుంది. పట్టాపై చెక్క చట్రాలు, వాటిపై చాపలు వేసి, గోడకు ఎడంగా దొంతర కట్టాలి. చట్రాల సందులు ద్వారం వైపు ఉంటే గాలి ఆడుతుంది. ధాన్యం గిడ్డంగులలో బస్తాల కింద చట్రాలు, చాపలు వేయడం పాత అలవాటే.

సరుకు ఎక్కువభాగం వచ్చినది వచ్చినట్లే కదిలిపోతుంది గనుక ఈ ఖర్చు దండుగ అనే వాదన ఉన్నది. కదిలిపోయే సరుకు విషయంలో అది నిజమే. కాని రాబడి తగ్గిన వానకాలంలో గిరాకీని తీర్చేది నిల్వ సరుకే. నిల్వలో ఎంత కరుగుతుందో తెలియని కొనుగోలుదారు ఆ భయాన్ని సీజనులోనే ధరలో కోసుకొంటాడు. నేల చెమ్మ గిడ్డంగిలో పుట్టినా, దాని తరుగు చివరకు రైతు పద్దులో పడుతుంది.

గిడ్డంగి రసీదును చేతులు మార్చుకొనే పత్రంగా గుర్తించే చట్టం 2007లో వచ్చింది. రసీదుపై అప్పిచ్చేవారికి సరుకు బరువు, రంగు నిలుస్తాయన్న నమ్మకం ఉండాలి. రేకులు మార్చడానికి చూపే ఉత్సాహంలో సగమైనా గచ్చు కింద చెమ్మను ఆపడానికి చూపినచో ఆ నమ్మకం బలపడుతుంది. కొత్తగా గిడ్డంగి కట్టేవారు కాంక్రీటు పోయకముందే అడుగున పట్టా పరచడం అన్నిటికంటె చౌక. పాత గిడ్డంగులవారు తొలకరికి ముందే అడుగు సరిచూసుకోవడం మేలు.