సీఆర్‌పీఎఫ్: ఆర్మీ కాదు, మామూలు పోలీసూ కాదు.. మరి ఎవరు?

మొన్న రాత్రి కాలేజీ జూనియర్ ఒకడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ‘అన్నా, ఎస్సెస్సీ జీడీ అప్లికేషన్‌లో ఫోర్స్ ప్రిఫరెన్స్ అడుగుతోంది. సీఆర్‌పీఎఫ్ మొదట పెట్టనా, సీఐఎస్‌ఎఫ్ పెట్టనా? అసలు సీఆర్‌పీఎఫ్ అంటే ఆర్మీయేనా? అమ్మ అడుగుతోంది.’

బీటెక్ అయి రెండేళ్లయింది వాడికి. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, ఇప్పుడు పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నాడు. నేను రోజూ రాసేది ఫోన్ల గురించి, కోడింగ్ గురించి. అయినా ‘గూగుల్ చేసుకో తమ్ముడూ’ అని వదిలేయబుద్ధి కాలేదు. ఆ అమ్మ అడిగిన ప్రశ్న చాలా సరైనది. దానికి రెండు ముక్కల్లో జవాబు లేదు. ఆ జవాబు మీద వాడి పోస్టింగ్, సెలవులు, పింఛను అన్నీ ఆధారపడి ఉన్నాయి.

కాబట్టి మొదటి నుంచి చూద్దాం. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: సీఆర్‌పీఎఫ్‌లో ‘ఆర్’ అంటే రిజర్వ్. ఈ ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

సంస్థానాల కోసం పుట్టిన బలగం

1939 జులై 27న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని నీమచ్‌లో ఒక బెటాలియన్ మొదలైంది. అప్పటి పేరు క్రౌన్ రిప్రజెంటేటివ్స్ పోలీస్. బ్రిటిష్ ఇండియా ఒకవైపు, రాజులూ నవాబులూ ఏలే సంస్థానాలు ఇంకోవైపు ఉన్న రోజులవి. మన నిజాం హైదరాబాద్ కూడా ఆ సంస్థానాల్లో ఒకటే. సంస్థానాలతో వ్యవహారాలు నడిపేటప్పుడు వైస్రాయ్‌ని ‘క్రౌన్ రిప్రజెంటేటివ్’ అనేవారు. 1930ల చివర్లో సంస్థానాల్లో ప్రజా ఉద్యమాలు పెరిగాయి. ఎక్కడ అలజడి లేస్తే అక్కడికి వెళ్లి స్థానిక పాలకులకు అండగా నిలబడటం ఈ బలగం పని.

అంటే ఇది పుట్టిందే ‘మనకంటూ ఒక ఊరు లేదు, ఎక్కడ పిలిస్తే అక్కడికే’ అనే పద్ధతిలో. పైగా జనం ఆందోళనల మీద నిఘా పెట్టే పనితో. స్వాతంత్య్రం వచ్చాక దీన్ని రద్దు చేసినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. కానీ హోంమంత్రి సర్దార్ పటేల్ దీన్ని ఉంచారు. కొత్త దేశానికి రాష్ట్రాలన్నిటికీ పనికొచ్చే బలగం ఒకటి కావాలనుకున్నారు. 1949 డిసెంబరు 28న పార్లమెంటు చట్టంతో ఇది సెంట్రల్ రిజర్వ్ పోలీస్ ఫోర్స్ అయింది. 1950 మార్చి 19న పటేల్ దానికి పతాకం అందజేశారు. ఇప్పుడు సీఆర్‌పీఎఫ్ డే జరుపుకునేది ఆ రోజునే.

పాత కోడ్ తీసేయకుండా కొత్త అవసరానికి వాడుకోవడం మా ఫీల్డ్‌లో మామూలే. ఇదీ అలాంటిదే. ప్రభువు మారాడు, పని మారింది. పిలిస్తే వెళ్లే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

సరిహద్దు నుంచి అడవి దాకా

ఏటా అక్టోబరు 21న మన జిల్లాల్లో పోలీసు పరేడ్ మైదానంలో అమరవీరుల సంస్మరణ జరుగుతుంది కదా. ఆ తేదీ ఎక్కడిది? 1959లో అదే రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. వాళ్లు సీఆర్‌పీఎఫ్ వాళ్లు. అప్పటికి చైనా సరిహద్దు కాయడానికి ప్రత్యేక బలగమే లేదు. 1962 అక్టోబరులో యుద్ధం నడుస్తుండగా ఐటీబీపీ పుట్టింది.

పాకిస్తాన్ వైపూ ఇదే కథ. 1965 ఏప్రిల్ 9న గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్‌లో సర్దార్ పోస్ట్ మీదికి పాక్ బ్రిగేడ్ వచ్చింది. అక్కడున్నది సీఆర్‌పీఎఫ్ రెండో బెటాలియన్‌కు చెందిన చిన్న దళం. ఆ దాడిని తిప్పికొట్టింది. ఏప్రిల్ 9ని శౌర్య దివస్ అంటారు అందుకే. అదే ఏడాది డిసెంబరు 1న బీఎస్‌ఎఫ్ ఏర్పడింది.

సరిహద్దులకు వేరే వాళ్లు వచ్చాక సీఆర్‌పీఎఫ్ పని దేశం లోపలికి తిరిగింది. పంజాబ్, ఈశాన్య రాష్ట్రాలు, కశ్మీర్, ఆ తర్వాత మావోయిస్టు ప్రాంతాలు. ప్రతి కొత్త సమస్యకూ ఇందులోంచే ఒక కొత్త విభాగం పుట్టింది. 1986లో మొదటి మహిళా బెటాలియన్ వచ్చింది. మతఘర్షణలను, అల్లర్లను అదుపు చేయడానికి ఏర్పడిన ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్ 1992 అక్టోబరు 7న పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టింది. నీలం మచ్చల యూనిఫాం వాళ్లదే. హైదరాబాద్‌లో ఉన్నది 99వ బెటాలియన్. 2008లో అడవి యుద్ధం కోసం కోబ్రా బెటాలియన్లు మొదలయ్యాయి. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియా వెళ్లిన పూర్తి మహిళా పోలీసు దళం కూడా సీఆర్‌పీఎఫ్‌దే. ప్రపంచంలో అలాంటి దళం అదే మొదటిది.

ఈ రోజు ఇందులో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఇదే పెద్దది. ఎన్నికలొస్తే మీ ఊరి పోలింగ్ కేంద్రం దగ్గర తుపాకీతో నిలబడేది తరచూ వీళ్లే.

సైన్యమా, పోలీసా?

ఇప్పుడు అమ్మ ప్రశ్నకొద్దాం. రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలో ఉంది. కేంద్రం సాయుధ బలగాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. సీఆర్‌పీఎఫ్ పేరులో ‘పోలీస్’ ఉన్నా, ఆ చట్టం దాన్ని కేంద్రం సాయుధ బలగం అంటుంది. కానీ అది రక్షణ శాఖ కింద లేదు, హోంశాఖ కింద ఉంది. ఒక రాష్ట్రానికి వెళ్లినప్పుడు శాంతిభద్రతల్లో అక్కడి ప్రభుత్వానికి సాయంగా పనిచేస్తుంది. కేసు దర్యాప్తు చేసి చార్జిషీటు వేసేది మామూలుగా స్థానిక పోలీసులే.

వార్తల్లో ‘పారామిలిటరీ’ అంటుంటారు. 2011 నుంచి హోంశాఖ అధికారికంగా వాడే మాట మాత్రం కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ ఈ కోవలోవే.

పేరు ఏదైతే ఏంటి అనుకోకండి. తేడా జీవితంలో కనిపిస్తుంది.

క్రమశిక్షణ చూద్దాం. మామూలు ప్రభుత్వ ఉద్యోగి చెప్పకుండా డ్యూటీకి రాకపోతే మెమో, మహా అయితే సస్పెన్షన్. సీఆర్‌పీఎఫ్ చట్టంలో సెలవు లేకుండా గైర్హాజరవడం నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు. రాజ్యాంగం 33వ అధికరణ కింద ఇలాంటి బలగాల్లో పనిచేసేవాళ్ల ప్రాథమిక హక్కుల్లో కొన్నిటికి పార్లమెంటు హద్దులు పెట్టగలదు. అందుకే యూనియన్లు, సమ్మెలు ఉండవు. ఈ వరకు ఇది సైన్యమే.

మరి పింఛను దగ్గరికొచ్చేసరికి? 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగులకు కొత్త పింఛను విధానం వచ్చింది. త్రివిధ దళాలకు మినహాయింపు ఇచ్చారు. సీఆర్‌పీఎఫ్ లాంటి బలగాలకు ఇవ్వలేదు. ‘మేమూ సాయుధ బలగమే కదా’ అని కొందరు కోర్టుకెళ్లారు. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు వాళ్ల వాదన ఒప్పుకుంది, పాత పింఛను ఇవ్వాలంది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ తీర్పు అమలుపై స్టే వచ్చింది. శిక్ష విషయంలో సైనికుడు, పింఛను విషయంలో సివిల్ ఉద్యోగి అన్నమాట. ఈ అసంతృప్తి బలగం లోపల గట్టిగానే ఉంది.

అధికారులది ఇంకో కథ. అసిస్టెంట్ కమాండెంట్‌గా చేరిన వాళ్లు పైకి ఎదిగేకొద్దీ, పై పోస్టుల్లో ఐపీఎస్ అధికారులు డెప్యుటేషన్ మీద వస్తుంటారు. డైరెక్టర్ జనరల్ ఐపీఎస్ అధికారే. దీంతో ప్రమోషన్లు ఏళ్ల తరబడి నిలిచిపోతున్నాయని బలగాల అధికారులు పోరాడారు. 2025 మే 23న సుప్రీంకోర్టు, ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయి వరకు ఐపీఎస్ డెప్యుటేషన్ పోస్టులను రెండేళ్లలోపు క్రమంగా తగ్గించాలని చెప్పింది. దాని తర్వాత ఏం జరిగిందన్నది ఆఫీసర్ పోస్టుకి ప్రయత్నించే ప్రతి ఒక్కరూ ఫాలో అవ్వాలి. ఇంటర్వ్యూ బోర్డు అడుగుతుందని మాత్రమే కాదు, అది మీ కెరీర్ కాబట్టి.

తెలియని నేల మీద నిలబడటం

2010 ఏప్రిల్ 6న దంతేవాడలో జరిగింది పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన భద్రాచలం అవతల, ఇప్పటి సుక్మా జిల్లాలోని తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది చనిపోయారు. వాళ్లలో 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కుర్రాళ్లు. అక్కడి భాష రాదు, దారులు తెలియవు.

రిజర్వ్ బలగానికి ఉన్న అసలు బలహీనత ఇదే. ఎక్కడికైనా వెళ్లగలదు, కానీ ఎక్కడా స్థానికం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ దీనికి భిన్నం. అది రాష్ట్ర పోలీసుల నుంచే ఎంపికైన దళం. నేల తెలుసు, భాష తెలుసు. ఛత్తీస్‌గఢ్‌లో డీఆర్‌జీ కూడా స్థానికులతో నిండిన రాష్ట్ర బలగమే. సీఆర్‌పీఎఫ్ కూడా ఆ పాఠం నేర్చుకుంది. బస్తర్ ప్రాంత ఆదివాసీ యువతతో ‘బస్తరియా బెటాలియన్’ పెట్టింది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బయటి నుంచి తుపాకులతో వచ్చిన క్యాంపు అంటే ఊళ్లో జనానికి భయం ఉంటుంది. భద్రతా బలగాల మీద హక్కుల ఉల్లంఘన ఆరోపణలూ వచ్చాయి. అవతలి మనిషి మాట అర్థం కాని చోట ఆ భయం పోగొట్టడం శత్రువుతో పోరాడటం కన్నా కష్టం. యూనిఫాం వేసుకోబోయేవాళ్లు ఈ సంగతీ తెలుసుకోవాలి.

మావోయిస్టు సమస్యను ముగించడానికి 2026 మార్చి 31ని కేంద్రం గడువుగా ప్రకటించింది. ‘అది అయిపోతే సీఆర్‌పీఎఫ్‌కి పని తగ్గుతుంది కదన్నా’ అన్నాడు మా వాడు. తగ్గదు. 2023లో మణిపుర్‌లో ఘర్షణలు మొదలవగానే అక్కడికి కంపెనీలు వెళ్లాయి. ఒకచోట మంట ఆరితే ఇంకోచోటికి వెళ్లడమే రిజర్వ్ అంటే.

లెక్కలోకి తీసుకోవాల్సిన ఖర్చు

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో సెలవుల నుంచి తిరిగొస్తున్నవాళ్లతో వెళ్తున్న కాన్వాయ్ మీద దాడిలో 40 మంది పోయారు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు గేటు దగ్గర ఉగ్రవాదుల్ని చూసి అందరినీ అప్రమత్తం చేసిన కానిస్టేబుల్ కమలేశ్ కుమారి చేతిలో ఆయుధం కూడా లేదు. ఆమెకు మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు.

వార్తల్లో పెద్దగా రాని నష్టం ఇంకోటి ఉంది. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్లలో కేంద్ర సాయుధ బలగాల్లోనూ అస్సాం రైఫిల్స్‌లోనూ కలిపి 654 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వీళ్లలో 230 మంది సీఆర్‌పీఎఫ్ వాళ్లు. అదే ఐదేళ్లలో 50 వేల మందికి పైగా ఈ ఉద్యోగాలు వదిలేశారు. జవాన్లు ఏడాదికి 100 రోజులు కుటుంబంతో గడిపేలా చూడాలన్నది హోంశాఖ పెట్టుకున్న లక్ష్యం. అలాంటి లక్ష్యం పెట్టుకోవాల్సి రావడమే ఇంటికి దూరం ఎంత బరువో చెబుతుంది.

భయపెట్టడానికి కాదు ఇదంతా. ఐటీ కంపెనీలో చేరేముందు ఆఫర్ లెటర్‌లో బాండ్ ఎన్నేళ్లో, నోటీస్ పీరియడ్ ఎంతో చదువుతాం కదా. ఇదీ అలాంటి చదువే.

రెండు దారులు

కానిస్టేబుల్ జీడీ: పదో తరగతి చాలు. వయసు 18–23 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు. పరీక్ష 60 నిమిషాలు, 80 ప్రశ్నలు, 160 మార్కులు. 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చు, అయితే ఇంగ్లిష్/హిందీ సెక్షన్ అలాగే ఉంటుంది. పరుగు: పురుషులకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలకు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం రూ.21,700 నుంచి మొదలు.

అసిస్టెంట్ కమాండెంట్: యూపీఎస్సీ పరీక్ష. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 20–25 ఏళ్లు. పేపర్‌-1కి 250, పేపర్‌-2కి 200, ఇంటర్వ్యూకి 150 మార్కులు. మధ్యలో దేహదారుఢ్య పరీక్షలు. మూల వేతనం రూ.56,100 నుంచి. బీటెక్ వాళ్లు చాలామంది జీడీ మాత్రమే చూసి ఈ దారిని వదిలేస్తున్నారు. నిబంధనలు మారుతుంటాయి, తాజా నోటిఫికేషన్ తప్పక చూసుకోండి.

ఫోర్స్ ప్రిఫరెన్స్ నింపేటప్పుడు పని స్వభావం చూడండి. సీఐఎస్‌ఎఫ్‌లో ఎక్కువగా విమానాశ్రయాలు, పరిశ్రమలు, మెట్రో లాంటి చోట్ల డ్యూటీ. బీఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ సరిహద్దు బలగాలు. సీఆర్‌పీఎఫ్‌ది దేశమంతా.

మా వాడికి చివరికి ఇలా రాశాను: ‘అమ్మకు చెప్పు, అది ఆర్మీ కాదు. మన ఊరి పోలీస్ స్టేషన్ లాంటిదీ కాదు. ఎక్కడ గొడవైతే అక్కడికి వెళ్లే బలగం. వచ్చే ఏడాది నేను ఎక్కడుంటానో నాకే తెలియదు అని కూడా చెప్పు. ఆ మాట చెప్పాక కూడా నీకు చేరాలనిపిస్తే మొదటి ప్రిఫరెన్స్ పెట్టు.’

కాసేపటికి బ్లూ టిక్ పడింది. మర్నాడు పొద్దున ఐదున్నరకు జవాబొచ్చింది: ‘అమ్మ ఏడ్చింది, తర్వాత సరే అంది. గ్రౌండ్‌కి వెళ్తున్నా అన్నా. ఏసీ సిలబస్ కూడా పంపు.’